దానియేలు బెర్నూలీ చరిత్రము

పెట్రోలు బంకు యొద్ద మోటారుబండి నిలిచినప్పుడు, పనివాడు ఇనుపమొనగల గొట్టమును టాంకి నోటిలో నుంచి, పిడిక్రింది మీటను నొక్కి పట్టుటను మన విద్యార్థు లందఱును చూచియుందురు. కొన్ని బంకులలో ఆ మీటను చిన్న కొక్కెమునకు తగిలించి పనివాడు చేయి విడిచి నిలుచును. టాంకి నిండినంతనే టక్కున నొక చప్పు డగును; మీట పట్టు విడిచి జారును; ధార తనంతట తానే నిలిచిపోవును. ఆ మొనలో విద్యుత్తు తీగ లేదు. టాంకిలో నెంత పెట్రోలున్నదో చూచి చెప్పు యంత్ర మేదియు నందు లేదు. మఱి నిండిన సంగతి దాని కెట్లు తెలిసెను?

ఈ ప్రశ్నను కొందఱు బాలురు తరగతిలో నన్నడిగిరి. నేను నల్లబల్లపై బొమ్మ గీచి జవాబు చెప్పితిని. బొమ్మను చెరిపివేసిన పిదప, ఆ సూత్ర మెవని పేరుతో పిలువబడుచున్నదో ఆ మనుష్యుని గూర్చి యొక్కమాటయైన చెప్పక విడిచితినే యని మనస్సునకు తోచినది. ఆ కొఱత నిచ్చట తీర్చుకొనుచున్నాను.

బెర్నూలీల వంశము మొదట ఆంట్వెర్పు పట్టణపుది. స్పెయిను రాజు ప్రభుత్వమునందు ప్రొటెస్టంటులకు కలిగిన హింసల కోర్వలేక వారు ఆ నగరమును విడిచి ఫ్రాంక్‌ఫర్టు చేరిరి. పిమ్మట వారిలో నొక శాఖ స్విట్జర్లాండునందు రైను నది యొడ్డున నున్న బాజెల్ పట్టణమున స్థిరపడెను. మిరియములు, లవంగములు మొదలగు సుగంధద్రవ్యముల వర్తకము వారి జీవనము. అట్టి యింట మూడు తరములలోపల ఎనమండుగురు గణితవేత్తలు పుట్టిరి. యాకోబు, యోహాను, నీకొలాసు, దానియేలు అను వారి పేర్లను వరుసగా చదివినచో మన తరగతి హాజరుపట్టీ చదివినట్లే యుండును. ఒకే పేరు మరల మరల వచ్చుటచేత చరిత్రకారులు సహితము తికమకపడి, రాజులకు వలె వారికి మొదటి, రెండవ యని సంఖ్యలు పెట్టవలసివచ్చినది.

దానియేలు తండ్రి యోహాను. ఇతని కథ కొంచెము చెప్పనిదే కుమారుని కథ తెలియదు. యోహానును అతని తండ్రి వర్తకములో పెట్టగోరెను. ఆ పని అతనికి సరిపడలేదు. వైద్యము చదువుచున్నానను పేరున, తన యన్నయగు యాకోబు యొద్ద గణితశాస్త్రము నేర్చుకొని, కొలదికాలములోనే అన్నకు సరిజోడయ్యెను. అంతట అన్నదమ్ములకు విరోధము పుట్టెను. యూరోపు పండితు లందఱు చదువు పత్రికలలో నొకరి తప్పు లొకరు ఎత్తి చూపుకొనిరి. తనకు విద్య నేర్పినవానితోనే పోటీపడి, ఆ పోటీని జీవితాంతము మఱవనివాడు యోహాను. ఇది మనము జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి.

యోహాను హాలండు దేశమందలి గ్రోనింగెన్ విద్యాలయమున గణితాచార్యుడై యుండగా, 1700వ సంవత్సరము ఫిబ్రవరి 8వ తేదీని దానియేలు జన్మించెను. ఐదేండ్ల తరువాత పెదతండ్రి యాకోబు మరణించెను. బాజెల్‌లో నతడు విడిచిన గణితాచార్య పీఠము యోహానున కిచ్చిరి. కుటుంబము స్వస్థలమునకు మరలి వచ్చెను. దానియేలు పదుమూడవ యేట తర్కమును, తత్త్వశాస్త్రమును చదువ నారంభించి, 1715లో మొదటి పట్టమును, 1716లో ఎం. ఏ. పట్టమును పొందెను. ఈ కాలముననే అన్న నీకొలాసు వానికి గణితము నేర్పెను.

అప్పుడు యోహాను చేసిన నిర్ణయము ఆశ్చర్యకరమైనది. తన తండ్రి తనకు ఏది చేయగా తాను తిరుగబడెనో, సరిగా దానినే తన కుమారునికి చేసెను. గణితములో ధనము లేదనియు, వర్తకము నేర్వవలసినదనియు శాసించి, దానియేలును వర్తకుల యొద్ద పనిలో చేర్పజూచెను. కుమారుడు లోబడలేదు. తుదకు వైద్యము చదువుట కొప్పందము కుదిరెను. దానియేలు బాజెల్, హైడెల్బర్గు, స్ట్రాస్‌బర్గు పట్టణములలో వైద్యము చదివి, ఊపిరితిత్తుల పనిని గూర్చి వ్యాసము వ్రాసి, 1721లో వైద్యపట్టము నొందెను. ఐనను తండ్రిలో మఱియొక పార్శ్వము కలదు. గణితమును వృత్తిగా చేసికొనరాదని నిషేధించిన యాయనయే, ఇంటిలో దానియేలునకు గణితము చెప్పుచు వచ్చెను. కదలుచున్న వస్తువునందు సజీవబలమను నొకటి యుండుననియు, అది రూపము మార్చుకొనునే గాని నశింపదనియు ఆ యింటిలోనే దానియేలు నేర్చుకొనెను. నేడు మనము శక్తినిత్యత్వ మని పాఠములో చదువు విషయమునకు ఇది ప్రారంభము. తండ్రి పెట్టిన యీ విత్తనమే కొడుకు గ్రంథమై మొలిచి, వారిరువురి నడుమ గోడయై పెరిగెను.

వైద్యపట్టము వచ్చినను ఉద్యోగము రాలేదు. బాజెల్ విద్యాలయమున ఆచార్యపదవికి తగినవారు పలువు రున్నప్పుడు చీట్లు వేసి యొకరిని నిర్ణయించు వాడుక యుండెను. దానియేలు రెండు పదవులకు యత్నించెను; రెండుమార్లును చీటి మఱియొకరికి వచ్చెను. అందుచేత 1723లో వైద్యాభ్యాసమునకై వెనీసునకు పోయెను. అచ్చట గొప్పజబ్బు చేసి మంచమెక్కెను. ఐనను 1724లో, గోల్డుబాఖు అను పండితుని సహాయమున, గణితవ్యాసముల నొక సంపుటముగా అచ్చు వేయించెను. పాత్రకు రంధ్రము చేసినప్పుడు నీరెట్లు వెలువడునను ప్రశ్న యందొక భాగము. మఱుసటి సంవత్సరము, అలలమీద ఊగులాడు ఓడలో ఇసుకగడియారమును గాని, నీటిగడియారమును గాని సరిగా నడుపు విధమును గూర్చి వ్రాసి పారిసు శాస్త్రపరిషత్తు వారి బహుమానము గెలిచెను. తన జీవితమున ఆ పరిషత్తు వారి బహుమానము లాయనకు పది వచ్చినవి, ఇది మొదటిది.

ఆ కీర్తి విని రష్యా వారు తమ క్రొత్త రాజధాని సెయింటు పీటర్సుబర్గులో స్థాపించిన శాస్త్రపరిషత్తునకు దానియేలును, నీకొలాసును పిలిచిరి. 1725లో అన్నదమ్ములు కలిసి పోయిరి. ఒక సంవత్సరము నిండకమునుపే, 1726 జూలైలో నీకొలాసు జ్వరముచే మరణించెను. తనకు గణితము నేర్పిన అన్నను దూరదేశపు మంటిలో పాతి, ఆ చలిదేశమున ఒంటిగా మిగిలిన దానియేలు ఇల్లు చేరవలెనని తహతహలాడెను. అంతలో 1727లో బాజెల్‌నుండియే యొక యిరువది యేండ్ల యువకుడు వచ్చి చేరెను. అతడు యోహాను శిష్యుడు. పేరు లియోనార్డు ఆయిలరు. మీదటి కాలమున గణితలోకమున కంతకును గురువైనవాడు. వీరిద్దరు కలిసి పని చేసిన ఆ యాఱేండ్లును దానియేలు జీవితములో మిక్కిలి ఫలవంతములు.

గొట్టములో పాఱు నీరు గొట్టపు గోడ నెంత బలముతో నొత్తునను సంగతి యప్పటికి తేలలేదు. నిలిచియున్న నీటి సంగతి వేఱు. లోతును బట్టి లెక్క కట్టవచ్చును. కదలు నీటి మాటయే చిక్కు. నెత్తురు నరములలో పాఱు విధమును చదివిన వైద్యు డగుటచేత దానియేలున కీ ప్రశ్న యెప్పుడును మనస్సున నుండెను. గొట్టపు గోడకు చిన్న రంధ్రము చేసి, అందు సన్నని గాజుగొట్టమును నిలువుగా నమర్చినచో, లోపలి పీడనమును బట్టి నీరా గాజుగొట్టములో నంత యెత్తున కెక్కి నిలుచును. నీరు పాఱు వేగము హెచ్చినకొలది ఆ గాజుగొట్టములోని మట్టము క్రిందికి దిగును.

కారణము దానియేలు తండ్రియొద్ద నేర్చిన పాఠమందే దొరకెను. వెడల్పు గొట్టము ఇఱుకగుచోట గడియకు వచ్చునంత నీరును గడియకు పోవలెను గావున, నీరచ్చట వేగముగా పాఱక తప్పదు. ఆ వేగము ఉచితముగా రాదు. నీటియందలి పీడనము ఖర్చైనగాని వేగము పెరుగదు. ఒక చేతి సొమ్ము రెండవ చేతికి మాఱినట్లు, వేగము హెచ్చినచోట ఒత్తిడి తగ్గును. వేగము తగ్గినచోట ఒత్తిడి హెచ్చును. దీనినే బెర్నూలీ సూత్ర మందురు. ఇప్పుడు మన పుస్తకములలో కనబడు సమీకరణరూపము నిచ్చినవాడు తరువాతి కాలమున ఆయిలరే యైనను, తత్త్వము దానియేలునిది.

ఇక పెట్రోలు గొట్టపు ప్రశ్నకు జవాబు చెప్పవచ్చును. గొట్టము కొనయందు, మొన చివరకు దగ్గఱగా, మిరియపుగింజంత రంధ్రమొకటి యుండును. తఱచు మనము దానిని చూడము. ఆ రంధ్రమునుండి లోపలగా నొక సన్నని గొట్టము పిడివఱకు పోవును. పిడిలోపల పెట్రోలు ఇఱుకైన దారిలో దూఱి పాఱవలెను. అచ్చట వేగము హెచ్చి ఒత్తిడి తగ్గును. ఆ యిఱుకు చోటునకే సన్నగొట్టపు రెండవ కొన తెఱచియుండును. అందుచేత పెట్రోలు పాఱుచున్నంతసేపు, మొన యొద్దనున్న రంధ్రము గాలిని పీల్చుచునే యుండును. ఇఱుకు గొట్టమునకు ఇట్టి పీల్చు గుణము గలదని ప్రయోగములు చేసి 1797లో పారిసున ప్రకటించినవాడు ఇటలీ దేశస్థుడగు వెంటూరి. కావున నిట్టి యిఱుకు గొట్టమునకు ఆయన పేరే పెట్టిరి.

టాంకి నిండి పెట్రోలు పైకి వచ్చి ఆ చిన్నరంధ్రమును ముంచినంతనే గాలి దారి మూసికొనిపోవును. గాలివలె పెట్రోలు తేలికగా ఆ సన్నగొట్టమున నెక్కజాలదు. ఇఱుకు చోటు మాత్రము పీల్చుట మానదు. గాలి రాకపోగా ఆ పీల్పు ప్రక్కనున్న చిన్న గదిలోని గాలిని లాగును. ఆ గదికి ఒక ప్రక్క గోడ పలుచని పొర. గదిలో ఒత్తిడి పడిపోగా బయటి గాలి యా పొరను లోనికి నెట్టును. పొరకు తగిలించిన చీల కదలి మీట పట్టును విడిపించును. స్ప్రింగు కవాటమును మూసివేయును. మనకు వినబడు టక్కుమను చప్పుడు అదియే. టాంకిలో నెంతయున్నదో ఆ యంత్ర మెఱుగదు. తన ముక్కునకు గాలి వచ్చుచున్నదా, లేదా యనునది మాత్రమే దానికి తెలియును.

పాతకార్లు గలవారికి వచ్చు చిక్కు దీనివలన సులభముగా బోధపడును. కొన్ని పాతబండ్లలో టాంకికి పోవు గొట్టము సన్నగను, వంకరగను ఉండును. లోపలి గాలి వెలుపలికి వచ్చుటకు ప్రత్యేకమగు దారి లేకయో, ఉన్నది మూసికొనిపోయియో యుండును. క్రిందికి పోవు పెట్రోలును, పైకి వచ్చు గాలియు ఒకే ఇఱుకుదారిలో నెదురుపడగా నురుగు లేచి మొనమీదికి చిమ్మును. రంధ్రము తడిసి మూసికొనును. టాంకిలో సగమైన నిండకయే ధార నిలిచిపోవును. యజమాని బంకువానిని అనుమానించును. బంకువాడు బండిని నిందించును. ఇద్దఱిలో నెవరును తప్పు చేసినవారు కారు. మీటను సగమే నొక్కినను, మొనను కొంచెము వెలుపలికి తీసి పట్టినను సాధారణముగా సరిపడును. అయితే మఱీ మెల్లగా పోసినచో ఇఱుకు చోట వేగము చాలక పీల్పు పుట్టదు; అప్పుడు టాంకి నిండినను యంత్రము తనంతట ఆగక పొర్లిపోవచ్చును. కావున అట్టి సమయమున పనివాడు కన్నుంచి యుండవలెను.

దానియేలు కథకు వత్తము. 1733లో ఆయన రష్యాను విడిచెను. తన గ్రంథపు వ్రాతప్రతిని పీటర్సుబర్గు పరిషత్తు వారి యొద్ద నుంచి, తమ్ముడు రెండవ యోహానుతో కూడ హాలండు, పారిసుల మీదుగా 1734లో బాజెల్ చేరెను. శరీరనిర్మాణ శాస్త్రమునకును, వృక్షశాస్త్రమునకును ఆచార్యపదవి దొరకెను. కోరిన శాస్త్రము కాదు గాని కోరిన ఊరు దొరకినది.

ఆ సంవత్సరమే ఇంటిలో నిప్పు రగిలెను. గ్రహముల కక్ష్యల వాలును గూర్చి పారిసు పరిషత్తు వారు పెట్టిన పోటీకి తండ్రియు, కుమారుడును వేర్వేరుగా వ్యాసములు పంపిరి. పరిషత్తు వారు ఇద్దఱును సమానులని తీర్పుచెప్పి బహుమానమును చెఱిసగముగా పంచిరి. ఏ తండ్రికైనను ఇంతకంటె సంతోషకరమగు వార్త యుండునా? యోహానునకు మాత్రము అది అవమానముగా తోచెను. కొడుకును తనతో సమానముగా నిలువబెట్టిరను రోషముచే దానియేలును ఇంటినుండి వెడలగొట్టెనని చెప్పుదురు. అన్నతో పడిన పోటీ ఆయన రక్తములో చల్లాఱలేదు. గొప్పపండితుడే గాని, తన గడపలోని వెలుగును చూచి కన్ను కుట్టించుకొనినవా డని నా యభిప్రాయము.

దానియేలు వ్రాసిన మహాగ్రంథము 1738లో స్ట్రాస్‌బర్గున అచ్చుపడెను. అది లాటిను భాషలో నున్నది, పేరు హైడ్రోడైనమికా. ద్రవముల చలనశాస్త్రమునకు నేటికిని పాశ్చాత్యులు వాడు పేరిచ్చినది ఆ గ్రంథమే. గాలి యనునది లెక్కకు మించిన సూక్ష్మకణములు అన్ని దిక్కులకు పరుగెత్తి గోడలను తాకుటచేత ఒత్తిడి కలిగించునని అందు పదియవ అధ్యాయమున వివరించియున్నాడు. వాయువులను గూర్చి ఆ మాటను లోక మంగీకరించుటకు మఱియొక నూఱేండ్లు పట్టినది. ముఖపత్రమున ఆయన తన పేరు క్రింద తాను యోహాను కుమారుడనని వేసికొనెను. ఇంటి తలుపు మూసిన తండ్రి పేరును తన కీర్తిపత్రముమీద నుంచిన ఆ చేతిని తలచుకొనినప్పుడు నా మనస్సు కరగును.

తండ్రి మనస్సు కరగలేదు. కొలది సంవత్సరములలో యోహాను హైడ్రాలికా యను గ్రంథమును తన సంపూర్ణరచనలలో చేర్చి ప్రకటించెను. అందలి విషయము మిక్కిలి భాగము కుమారుని గ్రంథవిషయమే. అంతేకాక, అది 1732లోనే వ్రాయబడినట్లు దానిమీద తేదీ వేయించెను. అనగా కుమారుని పుస్తకమునకు ఆఱేండ్ల ముందు. న్యాయముగా చెప్పవలెనన్న, యోహాను గ్రంథమున వాదము కొన్నిచోట్ల కుమారుని వాదముకంటె స్పష్టముగ నుండునని తెలిసినవా రందురు. కాని ఆ తేదీ మాత్రము నిజము కాదు. చదువరులలో ననేకులు తండ్రియే మొదట కనిపెట్టెననుకొనిరి. స్నేహితుడగు ఆయిలరు సహితము గురువు గ్రంథమును మెచ్చుకొని వ్రాసెను. 1743లో దానియేలు ఆయిలరునకు తన దుఃఖము తెలుపుకొని, తన గ్రంథమంతయు తనయొద్దనుండి తీసివేయబడినదనియు, గణితమునకు బదులు చెప్పులు కుట్టు పని నేర్చియున్న మేలనియు వ్రాసెను. అటుపిమ్మట ద్రవశాస్త్రమున అట్టి పెద్దగ్రంథ మాయన మరల వ్రాయలేదు.

ఐనను పని మానినవాడు కాడు. యోహాను 1748 జనవరి 1వ తేదీని మరణించెను. గణితపీఠము తమ్ముడు రెండవ యోహానున కిచ్చిరి. 1750లో దానియేలునకు తుదకు ప్రకృతిశాస్త్రాచార్య పదవి లభించెను. ఇరువదియాఱేండ్లు, 1776వఱకు ఆయన ఆ పాఠములు చెప్పెను. ప్రయోగములు చేసి చూపు ఆయన పాఠములకు శ్రోతలు కిక్కిరిసి వచ్చుచుండిరి.

1760లో ఆయన మఱల వైద్యునివలె ఆలోచించి యొక లెక్క వేసెను. మన పెద్దలు అమ్మవారని భయపడిన మశూచికము ఆ కాలమున యూరోపునందును వేలకొలది పిల్లలను చంపుచుండెను. ఆరోగ్యవంతుని శరీరమున ఆ రోగపు రసినే కొంచెము ఎక్కించి, తేలికగా జబ్బు తెప్పించి తప్పించు పద్ధతి యొకటి యప్పుడు వాడుకలో నుండెను. దానివలన కొందఱు చచ్చుటయు కలదు. కావున చేయింపవచ్చునా, కూడదా యని తలిదండ్రులు గుంజాటన పడుచుండిరి. అందఱకును ఈ ప్రకారము చేయించినచో, నష్టపడు ప్రాణములను తీసివేసినను, మనుష్యుని సగటు ఆయుష్షు సుమారు మూడేండ్లు పెరుగునని దానియేలు లెక్కించి పారిసు పరిషత్తునకు తెలిపెను. జెన్నరు దొర గోమశూచికపు టీకాలు మొదలిడినది 1796లో. ఒక రోగ మెందఱిని చంపునో, ఒక చికిత్స యెందఱిని కాపాడునో గణితముచే తూచి చూచుటకు మార్గము తెఱచినవారిలో దానియేలు మొదటివాడు.

ఆయన వినయమును గూర్చి యొక కథ వాడుకలో నున్నది. యౌవనమున బండిప్రయాణములో పరిచయమైన యొక పండితుడు పేరడుగగా, దానియేలు తన పేరు చెప్పెను. ఇతడు వేళాకోళ మాడుచున్నాడని తలచి ఆ పండితుడు, అట్లయిన తాను ఐజాకు న్యూటనునని బదులు చెప్పెనట. తనకు కలిగిన గౌరవములన్నిటిలోను ఆ హేళనయే మధురమైనదని దానియేలు వృద్ధాప్యమందును చెప్పుచుండెనట.

ఆయన వివాహమాడలేదు. 1782వ సంవత్సరము మార్చి 17వ తేదీని, ఎనుబదిరెండవ యేట, బాజెల్‌లో మరణించెను. ఆ పట్టణమందలి సెయింటు పీటరు దేవాలయమున ఆయన స్మారకఫలక మున్నది. తండ్రియగు యోహాను స్మారకఫలకమును ఆ దేవాలయముననే యున్నది.